తోక చూశావా అల్లుడూ?

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటోను రెండు రోజుల నుంచి తిప్పి తిప్పి చూస్తున్నాను. రైల్వే కోడూరు దగ్గర మామిడితోట, రాత్రి ఎనిమిదిన్నర, తాటిమట్ట కింద వేలాడుతున్న గబ్బిలాయి, దాని కింద నీ రాత: "మామా, ఇది సలీం అలీ గబ్బిలం, చాలా అరుదైనది, పేపరోళ్లకు చెప్పమంటావా?" అని. చెప్పొద్దురా, కాస్త ఆగు. అది మన తోటల్లో, అశోక చెట్లలో, బడి ఆవరణలోని బాదం చెట్టు మీద ఎప్పుడూ కనబడే పొట్టిముక్కు గబ్బిలం, సైనోప్టెరస్ స్ఫింక్స్. నీ ఫోటోలోనే దాని చెవి అంచు చుట్టూ సున్నంతో గీసినట్టు తెల్లగీత ఉంది, పెద్దది చేసి చూడు. ఆ గీత, తెల్లగా కనబడే వేలి ఎముకలు, గొట్టాల్లాగా పొడుచుకొచ్చి అటొకటి ఇటొకటి తిరిగిన ముక్కురంధ్రాలు, ఈ మూడూ ఉన్నాయంటే ఇంక వేరే పేరు వెతకాల్సిన పని లేదు.

నిన్ను తప్పుబట్టడానికి రాయడం లేదు. తమాషా ఏమిటంటే ఆ సలీం అలీ గబ్బిలం కథ నీ కథకు సరిగ్గా తలకిందులు. 1948లో తమిళనాడులో, పడమటి కనుమల్లోని హై వేవీ కొండల్లో ఆంగస్ హట్టన్ అనే తోటల దొర దాన్ని పట్టి పంపిస్తే, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ల దగ్గర అది ఇదే పొట్టిముక్కు గబ్బిలం పేరు తగిలించుకొని డ్రాయర్లో పడి ఉండింది. ఒకటీ రెండేళ్లు కాదు, థాయ్‌లాండ్ నుంచి వచ్చిన కిట్టి థోంగ్‌లోంగ్యా దాన్ని బయటికి తీసి, పళ్లు లెక్కబెట్టి, తోక లేదని గమనించి, 1972లో జాతి మాత్రమే కాదు, దాని పైమెట్టయిన ప్రజాతే కొత్తది అని తేల్చేదాకా. అట్లా, పిట్టల శాస్త్రవేత్త సలీం అలీ గౌరవార్థం వచ్చిందే లాటిడెన్స్ సలీంఅలీ అనే పేరు. వాళ్లు అరుదైనదాన్ని మామూలుది అనుకున్నారు, నువ్వు మామూలుదాన్ని అరుదైనది అనుకున్నావు. రెండుచోట్లా జరిగింది ఒకటే, పైపైన చూసి పోలిక కుదిరింది కదా అని పేరు పెట్టేశారు.

అందుకే గబ్బిలం మొహం చూడకముందు అది ఉన్న చోటు చూడమని నేను చెప్పేది. ఆ లాటిడెన్స్ ఉండేది పడమటి కనుమల దక్షిణపు కొసన, ఏడాదంతా తడి ఆరని పచ్చటి కొండ అడవుల్లో, వాటి పక్కనే ఉన్న ఏలకుల, కాఫీ తోటల్లో. మన నల్లమల, శేషాచలం, లంకమల అట్లాంటివి కావు కదా, ఎండాకాలం వస్తే ఆకంతా రాల్చేసి ఎముకల్లాగా నిలబడే అడవులు. ఇక్కడ దాన్ని చూశానని ఎవరన్నా అంటే ఫోటో ఒక్కటే చాలదు.

మన దగ్గర నువ్వు ముందు నేర్చుకోవాల్సినవి మూడే మూడు.

పెద్ద గబ్బిలం, టెరోపస్ మీడియస్, పాత పుస్తకాల్లో టెరోపస్ జైజాంటియస్ అని ఉంటుంది. రెక్కలు చాపితే నాలుగైదు అడుగులు, నక్క మొహం, మెడ చుట్టూ ఎర్రమట్టి రంగు శాలువా కప్పుకున్నట్టు బొచ్చు, తోక అసలే ఉండదు. పట్టపగలు బయటే, చెరువుకట్ట మీది మర్రికీ రావికీ చింతకీ నల్లగొడుగులు తగిలించినట్టు గుంపులుగా వేలాడుతుంది, ఎండ మండితే రెక్కలతో విసురుకుంటుంది, ఒళ్లు నాక్కుంటుంది. నీళ్లు దగ్గర లేని చెట్టు మీద పెద్ద గుంపును నేను పెద్దగా చూడలేదు. ఏడాదికి ఒకే పిల్ల, అందుకే ఒక చింతతోపు నరికేస్తే ఆ గుంపు మళ్లీ నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది.

రెండోది రూసెట్టస్ లెషనాల్టీ. ఇది చీకటి మనిషి. గుహలు, పాడుపడిన మండపాలు, కోటల్లోని నేలమాళిగలు దీని ఇల్లు. గోధుమరంగు ఒళ్లు, మూతి కాస్త పొడుగు, చెవికి తెల్ల అంచు ఉండదు, చిన్న తోక బయటికి కనబడుతుంది. నాలుకతో టక్ టక్ మని చప్పుడు చేసి ఆ ప్రతిధ్వనితో చీకట్లో దారి చూసుకుంటుంది. పెద్ద గబ్బిలానికి ఈ విద్య రాదు, అది కళ్లనూ ముక్కునూ నమ్ముకొని బతుకుతుంది.

దీని దగ్గరే నేను బోర్లాపడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆత్మకూరు వైపు అడవంచున ఒక శిథిల మండపంలో వీటిని చూసి, "పెద్ద గబ్బిలం పిల్లలు, రెండు వందలు" అని రిజిస్టర్లో రాసేశాను. తర్వాత పరిశోధనకు వచ్చిన ఒకాయన అది చదివి నన్ను ఒకే మాట అడిగాడు, "తోక చూశావా?" అని. నేను చూడలేదు. ఆయన నవ్వలేదు, అదే నాకు ఇంకా సిగ్గనిపించింది. తోక సంగతి పక్కన పెట్టినా, పెద్ద గబ్బిలం పిల్లల్ని తీసుకొచ్చి చీకటిగదిలో దాచిపెట్టదు అన్న చిన్న ఆలోచన నాకు రాలేదు చూడు.

మూడోది నీ ఫోటోలోది. మగది తాటాకునో, అశోక చెట్టుకు అల్లుకున్న తీగనో కొరికి కొరికి చిన్న గుడారంలాగా చేసుకుంటుంది, ఆడవి అందులో చేరతాయి. ఇంకో అలవాటు, పండును చెట్టు మీదే తినదు, నోట కరుచుకొని వేరే చెట్టుకు పోయి తింటుంది, రసం పీల్చి పిప్పి ఉమ్మేస్తుంది. పొద్దున్నే నీ తాటిచెట్టు కింద చూడు, జామ పిప్పి, బాదం కాయలు, నమిలి పారేసిన ఆకుల ముద్దలు ఉంటాయి. గబ్బిలం ఎగిరిపోయినా ఆ పిప్పి ఎక్కడికీ పోదు, నా లెక్కలో ఫోటో కంటే అదే మంచి సాక్ష్యం.

ఇవన్నీ పండ్లు తినేవి. పురుగులు తినే గబ్బిలాలు వేరే లోకం, వాటి జోలికి ఇప్పుడే పోవద్దు. తేడా మాత్రం తెలుసుకో: పండ్లవాటికి పెద్ద కళ్లు, టార్చి పడితే నిప్పుకణికల్లాగా మెరుస్తాయి, కుక్క మూతి, చెవి సాదాగా ఉంటుంది, రెక్కలో బొటనవేలికే కాక రెండో వేలికి కూడా గోరు ఉంటుంది. బెలుం గుహల్లోనో గండికోటలోనో కళ్లు చిన్నవిగా, ముక్కు మీద ఆకులాంటి మడతతో ఏదైనా కనబడితే అది నీ లిస్టులోది కాదు.

అడవిలో వెతకాలంటే గబ్బిలాల వెంట పడొద్దు, చెట్ల వెంట పడు. మార్చిలో ఇప్ప పూసినప్పుడు ఇప్పచెట్ల దగ్గర కూర్చో, మేడి, జువ్వి, రావి కాసినప్పుడు వాటి కింద కూర్చో. గుడి గోపురం మీద రావిమొక్క ఎట్లా మొలిచింది అని చిన్నప్పుడు నన్ను అడిగావు గుర్తుందా? ఆ పని పిట్టలది సగం, వీటిది సగం.

రాసుకునేటప్పుడు చెట్టు పేరు, ఎత్తు, నీళ్లు ఎంత దూరం, టైము, ఇవి ముందు రాయి, జాతి పేరు చివర్న, అది కూడా పెన్సిల్‌తో. ఫోటో చూసి సైజు చెప్పొద్దు, దగ్గర్నుంచి తీస్తే ఎలకంతది కూడా పిల్లి అంత కనబడుతుంది. ముంజేతి ఎముక కొలిస్తే గాని సైజు తేలదు, ఆ కొలవడం అనుమతి తీసుకున్నవాళ్ల పని, నీది కాదు. ఒకప్పుడు వీటిని 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో కాకులతో, ఎలకలతో కలిపి నష్టం చేసే జంతువుల పట్టికలో పెట్టారు, ఎవరైనా చంపొచ్చు అన్నట్టు. 2022 సవరణతో ఆ పట్టికే పోయింది. అయినా చీనీతోటల వాళ్లకు, మామిడితోటల వాళ్లకు కోపం ఉంటుంది, వాళ్లతో వాదన పెట్టుకోకుండా అణకువగా అడిగి లోపలికి పో.

ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, కిందపడ్డది గానీ చచ్చింది గానీ. కొరికిన పండు తినొద్దు. 2018లో కేరళలో గబ్బిలాల నుంచి సోకే నిపా వైరస్ జబ్బు వచ్చినప్పుడు ఊళ్లలో భయపడి చెట్లే కొట్టేద్దామన్నవాళ్లు ఉన్నారు, అట్లా చెదరగొడితే అవి ఇంకోచోటికి పోతాయి తప్ప జబ్బు పోదు. గుహలోకి ఒంటరిగా పోకు, పోతే మాస్కు కట్టుకో, పెంట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిల్లలతో వేలాడుతున్న తల్లులు కనబడితే లైటు ఆర్పి వెనక్కి వచ్చెయ్, ఫ్లాష్ కొట్టావంటే నాతో మాట్లాడొద్దు.

ఆదివారం సాయంత్రం ఐదింటికల్లా ఇక్కడికి రా. కెనాల్ పక్కన చింతతోపులో పెద్ద గబ్బిలాల గుంపు ఉంది, పొద్దు గుంకినాక ఒక్కొక్కటే లేస్తాయి, ఇద్దరం చెరో వైపు కూర్చొని లెక్కబెడదాం, ఎవరి లెక్క వాళ్లు చెప్పుకోకుండా. బైనాక్యులర్ నా దగ్గర ఉంది. టార్చికి చుట్టడానికి ఎర్ర కాగితం, చేతికి గ్లౌజులు నువ్వు తెచ్చుకో, ఆ రోజు పొద్దున తాటిచెట్టు కింది పిప్పి కూడా పాత పేపర్లో పొట్లం కట్టుకొని రా. మీ అమ్మ ఓళిగలు చేస్తే నాలుగు తే, కానీ ఆ పొట్లమూ ఇవీ ఒకే సంచిలో పెట్టొద్దు నాయనా.

మీ పెద్దమామ