చెస్టర్‌ఫీల్డ్ చర్చి శిఖరం ఎందుకు వంకర తిరిగింది? ఆ ఊళ్లో ఇంకేం చూడాలి?

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ కౌంటీలో ఉన్న సంత పట్టణం ఇది. 1204లో జాన్ రాజు సంతకు అధికార పత్రం ఇచ్చాడు.

సెయింట్ మేరీ చర్చి శిఖరం 14వ శతాబ్దం నాటిది. ఎత్తు 228 అడుగులు. దాదాపు 45 డిగ్రీలు మెలి తిరిగి, తొమ్మిదిన్నర అడుగులు పక్కకి ఒరిగింది. ఆరని పచ్చి ఓక్ కలప వాడటం, లోపల అడ్డదూలాలు చాలకపోవడం, పైన సుమారు 33 టన్నుల సీసపు రేకులు మోపడం కారణాలని చెబుతారు. ఎండ తగిలే దక్షిణం వైపు సీసం ఎక్కువ వ్యాకోచించడమూ తోడైంది. దయ్యం తన్నిందన్న కథ స్థానికులకి ఇష్టం, అంతే.

శిఖరాన్ని ఒక్కచోటి నుంచే చూసి వచ్చేయకండి. చర్చి చుట్టూ నడిస్తే అడుగడుక్కీ వంపు మారుతుంది. టవర్ ఎక్కించే టూర్ ఉంటుంది, సమయాలు ముందే కనుక్కోండి.

సంత మైదానంలో 1857 నాటి మార్కెట్ హాల్ ఉంది. అక్కడికి సంత రోజునే వెళ్లాలి, లేకపోతే సగం బోసిగా ఉంటుంది. రైల్వే పితామహుడు జార్జ్ స్టీఫెన్‌సన్ సమాధి హోలీ ట్రినిటీ చర్చిలో ఉంది. రైలు దిగి పదినిమిషాలు నడిస్తే ఊరి నడిబొడ్డు.