ఒంటరి ప్రయాణానికి సిద్ధమవుతున్న చెల్లెలికి

చెల్లెలికి ఆశీస్సులు.

తిరుపతికి ఒక్కదాన్నే వెళ్ళివస్తానంటే పిల్లలు ససేమిరా అంటున్నారని రాశావు. అరవై ఆరేళ్ళు వచ్చాక వాళ్ళ అనుమతి కోసం కూర్చోనక్కరలేదు గానీ, వాళ్ళ భయాన్ని కొట్టిపారేయడమూ న్యాయం కాదు. ఏ రైలు, ఏ బోగీ, ఎక్కడ బస, తిరుగు ప్రయాణం ఎప్పుడు అన్నవి వివరంగా రాసి పంపు. సగం అభ్యంతరాలు అక్కడే ఆగిపోతాయి. నలుగురూ ఏమనుకుంటారన్న మాటకు మాత్రం జవాబు రాయడం దండగ.

మన వయసు వాళ్ళు బయలుదేరే ఘడియ గురించి ఆలోచించినంతగా దిగే ఘడియ గురించి ఆలోచించరు. నేను చూసినంతలో చిక్కులన్నీ దిగిన తరువాతి గంటలోనే వస్తాయి. చీకట్లో, నిద్రకళ్ళతో, సామాను పట్టుకుని ఆటోవాడితో బేరమాడే పరిస్థితి తెచ్చుకోకూడదు. అందువల్ల ఊరు పగటి వెలుగులో చేరే రైలునే ఎంచుకో. మలక్‌పేట నుంచి నీకు కాచిగూడ దగ్గర కనుక వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ అనుకూలం. రాత్రి ఎక్కితే తెల్లవారాక తిరుపతిలో దింపుతుంది. పగలే వెళ్ళాలనుకుంటే 2023లో మొదలైన సికింద్రాబాదు వందే భారత్ ఉంది గానీ, అందులో పడుకునే వీలు లేదు, ఎనిమిది గంటలకు పైగా కూర్చోవాలి. పైగా దాని తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. సామాను సర్దిపెడతానని అబ్బాయి లోపలికి వస్తే అతనూ ప్రయాణం చేయవలసి వస్తుంది, ప్లాట్‌ఫారం మీదే ఆగమను.

టికెట్ల విషయంలో ముందు దర్శనం, తరువాత రైలు. అరవై అయిదు నిండినవారికి తిరుమలలో ప్రత్యేక దర్శనం ఉంది, దాని టికెట్లు ఆన్‌లైన్‌లో సుమారు మూడు నెలల ముందే విడుదలవుతాయి. రైలు రిజర్వేషను గడువు 2024 నవంబరు నుంచి 120 రోజులకు బదులు 60 రోజులే కనుక, దర్శనం తేదీ చేతికి వచ్చాక కూడా రైలుకు నీకు కావలసినంత వ్యవధి ఉంటుంది. వృద్ధుల రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు కాబట్టి పూర్తి ఛార్జీయే లెక్కవేసుకో. కింది బెర్తు కోటా మాత్రం మిగిలింది: నలభై అయిదు దాటిన స్త్రీలకు అది వర్తిస్తుంది, అయితే టికెట్టులో ఒక్కరు గానీ ఇద్దరు గానీ ఉండాలి. గుంపుగా వెళితే ఆ కోటా వర్తించదు, ఒంటరిగా వెళ్ళడంలో ఇదొక లాభం. ఆర్.ఏ.సి. వస్తే, అంటే పూర్తి బెర్తు ఖాయం కాకపోతే, సైడు బెర్తును ఇంకొకరితో పంచుకుని రాత్రంతా కూర్చోవాలి. ఆ టికెట్టు మీద వెళ్ళకు, తేదీ మార్చుకో.

సామాను నువ్వు ఒంటిచేత్తో ఎత్తగలిగినంతే ఉండాలి. ఇంట్లో ఎత్తి చూసుకోవడం కాదు, అలిపిరి దగ్గర తనిఖీ కోసం బస్సు దిగి, సంచితో నడిచి, మళ్ళీ బస్సెక్కే సంగతి తలుచుకుని ఎత్తి చూడు. మందులు పెట్టెలో వద్దు, తల దగ్గర ఉండే చేతిసంచిలో పెట్టు; రెండు రోజులకు అదనంగా, మందుచీటీతో సహా. ఆ చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా డాక్టరు చేత రాయించు, మన దుకాణంలో దొరికే రకం అక్కడ ఉండకపోవచ్చు. నీకు షుగరు ఉంది కనుక భోజనం ఆలస్యమైనా చేతికందేలా కాస్త బెల్లమో గ్లూకోజో ఉంచుకో.

రాత్రి బోగీలో లేవడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బీపీ మందులు వాడేవారికి పడుకుని ఉన్నట్టుండి లేస్తే కళ్ళు తిరుగుతాయి, పైగా రైలు కుదుపు. ముందు బెర్తు అంచున ఒక నిమిషం కూర్చుని, కాలితో తడిమి చెప్పులు వేసుకుని, పై బెర్తు కడ్డీ పట్టుకుని లేచి, అప్పుడు కదులు. చెప్పులు నడవాలో కాకుండా బెర్తు కిందే, కాలు దించితే తగిలేచోట విడువు. మరుగుదొడ్డి తలుపు దగ్గర నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది, జారని చెప్పులే వేసుకో.

డబ్బు రెండు చోట్ల పెట్టుకో, ఫోను ఒక్కదాన్నే నమ్ముకోకు. పి.ఎన్.ఆర్. నంబరు, బెర్తు నంబరు, అబ్బాయి ఫోను నంబరు కాగితం మీద రాసి ఉంచు. రైల్లో ఏ ఇబ్బంది వచ్చినా 139కి, ప్రాణం మీదికి వస్తే 112కి చేయాలి. పిల్లలతో ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి మాట్లాడతానని ముందే ఒప్పందం చేసుకో, లేకపోతే గంటగంటకూ వచ్చే ఫోన్లకే ఛార్జింగు అయిపోతుంది. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఎనిమిది గంటల వరకే నడుస్తుంది కనుక, అది ఆగిపోతే కంగారుపడవద్దని కూడా చెప్పు.

ఒంటరిగా వచ్చినవారికి గది ఇవ్వని సత్రాలు చాలా ఉన్నాయి, అడగకుండా వెళ్ళవద్దు. తిరుమలలో గది దొరకకపోయినా యాత్రికుల వసతి సముదాయాల్లో ఉచితంగా లాకరు దొరుకుతుంది, పడుకోవడానికి హాళ్ళున్నాయి.

ఆ తరువాత కాశీకి అన్నావు. అక్కడ కూడా దిగే చోటే చూసుకో: మన వైపు నుంచి వెళ్ళే కొన్ని రైళ్ళు వారణాసి స్టేషనుకు పోకుండా, పూర్వం మొగల్‌సరాయి అనే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దింపుతాయి. అది గంగకు ఆవలి ఒడ్డు, ఊళ్ళోకి ఇంకా పదిహేను కిలోమీటర్లకు పైనే. అది తెలిసి ఎక్కితే చింత లేదు. తిరుపతి బెర్తు ఖాయమయ్యాక టికెట్టు ఫోటో నాకూ పంపు.

మీ అక్క,
చిక్కడపల్లి