యూరప్ ట్రైన్ ట్రిప్‌లో భార్యాభర్తలిద్దరికీ కోపెన్‌హాగన్ రెండ్రోజులు సరిపోతుందా?

సరిపోతుంది. మేం మూడ్రోజులు ఉన్నాం, కానీ అందులో సగం ఖాళీ సీసాల మీదే పోయింది, ఆ సంగతి చెప్దామనే రాస్తున్నా.

2023 జూన్‌లో వెళ్ళాం, యూరేల్ పాస్ మీద, అంటే యూరప్‌లో చాలా దేశాల ట్రైన్లకి ఒకటే పాస్. ఇండియాలో ఉండేవాళ్ళకి యూరేలే, ఇంటర్‌రైల్ అక్కడ కాపురం ఉండేవాళ్ళకి, తప్పుది కొనకండి. పాస్‌కి అంత పోశాక మళ్ళీ సీటు రిజర్వేషన్‌కి విడిగా డబ్బులేంటో నాకైతే ఇప్పటికీ మండుతుంది.

జర్మనీలోని హాంబర్గ్ నుంచి దాదాపు ఐదు గంటలు. బయల్దేరే ముందు నెల రోజులు మా ఆయనది ఒకటే పాట, ట్రైన్ ట్రైనంతా పడవెక్కి సముద్రం దాటుతుంది అని మా అత్తయ్యగారికీ వాచ్‌మన్‌కీ పాలబ్బాయికీ కూడా చెప్పేశారు. తీరా చూస్తే పడవెక్కించడం 2019 డిసెంబర్‌లోనే ఆపేశారట, ఇప్పుడు చుట్టూ తిరిగి ఓడెన్స్ మీదుగా పోతుంది. పోనీ దార్లో డెన్మార్క్ సముద్రం మీదుండే స్టోర్‌బెల్ట్ వంతెనైనా వీడియో తీస్తానని ఫోన్ కిటికీకి ఆనించి కూర్చున్నారు. కాసేపు నీళ్ళ మీద బానే వెళ్ళింది, మధ్యలో ఒక చిన్న లంక వచ్చాక కార్లేమో పెద్ద వంతెన ఎక్కాయి, మా ట్రైనేమో సముద్రం కింద సొరంగంలోకి దూరింది. ఆ వీడియోలో మిగతా అంతా అద్దంలో మా ఆయన మొహమే.

ఊళ్ళో ఏం చూడాలంటే, లిటిల్ మర్మెయిడ్ కోసం మాత్రం పనిగట్టుకుని నడవకండి. 1913లో పెట్టిన మత్స్యకన్య బొమ్మ, ఎత్తు మీటరుంపావు, మా వీధి చివర ఎన్టీఆర్ విగ్రహం దానికి మూడింతలుంటుంది. రౌండ్ టవర్ ఎక్కండి, 1642 నాటిది, పైదాకా గుండ్రంగా వాలు దారే, చివర్న కొన్ని మెట్లు తప్ప, మోకాళ్ళకి హాయి.

ఇక అసలు కథ న్యూహౌన్‌లో. ఫోటోలన్నిట్లో కనిపించే ఆ రంగురంగుల ఇళ్ళ కాలవ. అక్కడ హోటళ్ళ మెనూ చూసి, అక్కడి డబ్బు క్రోన్‌ని రూపాయల్లోకి అప్పటి లెక్కన పన్నెండుతో గుణించుకుని, మెల్లగా బయటికొచ్చేశాం. ఊరివాళ్ళు కూడా షాపులో డ్రింక్ డబ్బాలు కొనుక్కుని గట్టు మీదే కాళ్ళు వేలాడేసి కూర్చుంటారు, మేమూ కూర్చుని పొద్దున రూమ్‌లో కలిపిన పులిహోర తీశాం. ఎండ ఇంకా ఉంది కదా ఆరున్నర అయ్యుంటుంది అనుకున్నా, చూస్తే తొమ్మిదిన్నర!

అప్పుడొచ్చాడు ఒక ముసలాయన, భుజాన పెద్ద నీలం సంచి, మా ముందు నిలబడి వాటర్ బాటిల్ వైపే చూస్తున్నాడు. మా ఆయన ఒక చేత్తో పాస్‌పోర్ట్‌ల బ్యాగ్ గట్టిగా పట్టుకుని, పాపం దాహమేమో అని రెండో చేత్తో బాటిల్ ఇచ్చారు. ఆయన తీసుకోలేదు, తల అడ్డంగా ఊపి, తాగెయ్యండి, ఖాళీ అయ్యాక ఇవ్వండి అన్నాడు. మేం తాగేదాకా అలా నిలబడే ఉన్నాడు. జీవితంలో అంత కంగారుగా నీళ్ళెప్పుడూ తాగలేదు.

అప్పుడు తెలిసింది, సీసా కొన్నప్పుడే డిపాజిట్ కట్టించుకుంటారని, దాన్ని పాంట్ అంటారు, అరలీటరు ప్లాస్టిక్ సీసాకి ఒకటిన్నర క్రోన్, లీటరు, ఆపైదైతే మూడు, సూపర్ మార్కెట్‌లో మిషన్‌లో పడేస్తే తిరిగొస్తుంది. చెత్తడబ్బాల పక్కన చిన్న అర కూడా ఉంటుంది, వద్దనుకున్నవాళ్ళు సీసా అందులో పెడితే ఏరుకునేవాళ్ళు చెత్తలో చెయ్యి పెట్టక్కర్లేదు. ఆయనే తీసుకెళ్ళి చూపించాడు. నాకు చిన్నప్పుడు మధ్యాహ్నం పూట పాత పేపర్లు, ఖాళీ సీసాలు కొంటాం అని అరుచుకుంటూ వచ్చే బండాయన గుర్తొచ్చాడు, మా అమ్మ ఆయనతో పావలా దగ్గర బేరమాడేది.

మా ఆయనకైతే రాత్రి నిద్ర పట్టలేదు, పొద్దుట్నుంచీ ఎన్ని సీసాలు చెత్తలో పడేశామో లెక్కేసుకుంటూ. తెల్లారాక ఆ అరల వైపు చూడ్డం మొదలెడితే, అవి మనవి కావు ముట్టుకోవద్దు అని గట్టిగా చెప్పా. మా సొంత సీసాలు ఐదు పోగేశారు. మర్నాడు ఓరెసుండ్ వంతెన మీదుగా స్వీడన్‌లోని మాల్మో వెళ్ళాం, నలభై నిమిషాలే, పాస్‌లోనే వస్తుంది, కొంత వంతెన కొంత సొరంగం, మళ్ళీ అదే వీడియో గొడవ. బ్యాగ్‌లో సీసాలు గలగలా. అక్కడి మిషన్‌లో వేస్తే పైసా రాలదు, డెన్మార్క్ సీసా స్వీడన్‌లో ఉత్త చెత్తే. పడేయండి మహానుభావా అన్నా వినకుండా సముద్రం దాటించి వెనక్కి తెచ్చారు.

నాలుగు చిన్నవి, ఒకటి పెద్దది, మొత్తం తొమ్మిది క్రోన్ల చీటీ వచ్చింది. దాన్ని లాటరీ టికెట్‌లా పట్టుకుని కౌంటర్‌కి వెళ్ళి ఒక దాల్చినచెక్క బన్ను తీసుకున్నారు, చాలలేదు, మిగతాది నా కార్డు గీకా. అందులో పెద్ద ముక్క ఆయనే తిన్నారు, సీసాలు మోసింది నేనే కదా అంటూ.