టెక్ సందేహాలు: పోలీసు కెమెరాలో ఉన్నది మన చేతికి రావాలంటే

ప్రశ్న: బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి ఆపినప్పుడు ట్రాఫిక్ అధికారితో మాటామాటా పెరిగింది. ఆయన చొక్కాకు కెమెరా ఉంది. ఆ వీడియో కోసం సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద దరఖాస్తు పెడితే ‘లభ్యం కాదు’ అన్నారు. నా దరఖాస్తు జత చేశాను. పొరపాటు ఎక్కడ? – బొమ్మనహళ్లి పాఠకుడు

దరఖాస్తు రెండు చోట్ల దెబ్బతింది. మొదటిది తేదీ. గొడవ జరిగిన 40వ రోజున పెట్టారు. బాడీ కెమెరాను డ్యూటీ అయ్యాక డాక్‌లో (చార్జింగు స్టాండులో) పెడితే క్లిప్పులు సర్వర్‌కి ఎక్కుతాయి. కేసుకు సంబంధించిందని ఎవరూ ట్యాగ్ చేయకపోతే, సిస్టమ్‌లో పెట్టిన గడువు దాటగానే క్లిప్పు దానంతటదే చెరిగిపోయేలా సాధారణంగా సెట్ చేస్తారు. ఆర్టీఐకి జవాబివ్వడానికేమో చట్టం 30 రోజులిస్తుంది. అంటే మీ కాగితం బల్ల మారేలోపే క్లిప్పు పోవచ్చు. అందుకే గొడవ జరిగిన రోజో, మర్నాడో పోలీసులకు ఒక ఉత్తరం ఇవ్వాలి. ‘ఫలానా తేదీ, ఫలానా చోట, ఉదయం 9.10 నుంచి 9.40 వరకు ఉన్న రికార్డింగును చెరపకుండా భద్రపరచండి’ అంటే చాలు. నేమ్‌ప్లేట్ మీది పేరు గుర్తుంటే రాయండి. నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ తర్వాత అదే రోజు ఆర్టీఐ.

రెండోది ప్రశ్నలు. ‘ఎందుకు దురుసుగా మాట్లాడారు, ఏం చేయబోతున్నారు’ అని అడిగారు. ఆర్టీఐ కింద తమ దగ్గరున్న రికార్డు ఇస్తారు, సంజాయిషీ ఇవ్వరు. పైగా కర్ణాటక నిబంధనల ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉండాలి, మామూలుగా 150 పదాలు దాటకూడదు. మీది రెండు పేజీలు! ఇలా కుదించండి: ఒకటి, ఆ అరగంట వీడియో అసలు ఫైలు. రెండు, ఆ రోజు కెమెరాలు ఎవరికి ఇచ్చారో రాసుకున్న రిజిస్టరు పేజీ నకలు. మూడు, బాడీ కెమెరా రికార్డింగులు ఎన్నాళ్లు ఉంచాలో చెప్పే ఉత్తర్వు నకలు. మొదటిది దొరక్కపోయినా మిగతా రెండూ కాగితాలే కాబట్టి, గడువుకు ముందే చెరిపారేమో అక్కడ తేలిపోతుంది. నన్నడిగితే మూడో ప్రశ్నే అన్నిటికన్నా విలువైనది.

కర్ణాటక ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో రుసుము 10 రూపాయలు. కన్నడం, ఇంగ్లిషు, హిందీ చెల్లుతాయి. ఇక్కడ తెలుగులో రాస్తే చట్టప్రకారం తీసుకోవాల్సిన పని లేదు. జవాబు రాకపోయినా, కాదన్నా 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండోది.

‘దర్యాప్తు నడుస్తోంది’ అని ఆర్టీఐ చట్టం సెక్షన్ 8(1)(హెచ్) చూపించి తిప్పి పంపితే అక్కడితో ఆగకండి. వీడియో ఇస్తే దర్యాప్తుకు ఎలా అడ్డమో వాళ్లే చెప్పాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే భగత్ సింగ్ కేసులో తేల్చింది. వ్యక్తిగత సమాచారం అనే మినహాయింపు మాత్రం 2025 నవంబరు నుంచి ఇంకా గట్టిపడింది. దానికి మందు సెక్షన్ 10: ‘దారిన పోయేవాళ్ల ముఖాలు మసకపరిచి మిగతాది ఇవ్వండి’ అని దరఖాస్తులోనే ఒక వాక్యం చేర్చండి.

వీడియో ఇస్తామంటే వాట్సాప్‌లో తీసుకోవద్దు. అక్కడ మామూలుగా పంపిన వీడియో మళ్లీ కుదించుకుపోతుంది, లోపలి వివరాలు రాలిపోతాయి. పెన్‌డ్రైవ్‌లో అసలు ఫైలు అడగండి. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ కూడా జతచేసి ఇస్తే అందులో హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంకేతం) ఉంటుంది. సెవెన్-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్న కంప్యూటర్లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ మెనూలో ఎస్‌హెచ్‌ఏ-256 ఎంచుకోండి. అప్పుడు కనిపించే హ్యాష్‌లోని 64 అక్షరాలూ సర్టిఫికెట్‌తో సరిపోవాలి. ఒక్కటి తేడా వచ్చినా అది ఆ ఫైలు కాదు.

ప్రశ్న: మా బంధువును స్టేషన్‌కు పిలిచి కొట్టారని ఫిర్యాదు చేశాం. 3 నెలల తర్వాత ఫుటేజీ అడిగితే ‘డిస్కు నిండి పాతది చెరిగిపోయింది’ అన్నారు. రికవరీ చేయించగలమా? – కె.ఆర్.పురం

లెక్క వేద్దాం. మామూలు 2 మెగాపిక్సెల్ కెమెరా 2 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌తో (సెకనుకు 2 మెగాబిట్లు) రోజుకు 21.6 జీబీ మింగుతుంది. 8 కెమెరాలకు 173 జీబీ. రికార్డర్లో 4 టీబీ డిస్కు ఉందనుకుంటే 23 రోజులకే నిండి, పాతదాని మీదే మళ్లీ రాసుకుంటూ పోతుంది. 90 రోజులంటే దాదాపు నాలుగు చుట్లు. ఒకసారి పైన రాసేశాక ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. రికవరీ షాపులకు డబ్బు పోయకండి.

కానీ ‘డిస్కు నిండింది’ అన్నది సాకుగా చెల్లదు. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు స్టేషన్ ఫుటేజీని 18 నెలలు నిల్వ ఉంచమంది. అంత సామర్థ్యం మార్కెట్లో దొరక్కపోతే కనీసం ఏడాది. 18 నెలలకు ఒక్కో కెమెరాకే దాదాపు 11.8 టీబీ కావాలి, అంటే 4 టీబీ డిస్కు పెట్టిన రోజే ఆ ఆదేశం తప్పినట్టు. లాకప్పులు, వరండాలు, ఇన్‌స్పెక్టరు గది, లోపలికీ బయటికీ వెళ్లే దారులు అన్నీ కనిపించాలి, ధ్వని కూడా రికార్డు కావాలి. కెమెరాలు పనిచేసేలా చూడాల్సింది స్టేషన్ హౌస్ ఆఫీసరే. హక్కులకు భంగం కలిగితే ఫుటేజీని భద్రపరచమని అడగవచ్చని చెప్పే బోర్డు స్టేషన్లో కనబడాలి. ఇప్పుడు మీరు అడగాల్సింది వీడియో కాదు. రికార్డరు, డిస్కుల కొనుగోలు కాగితాలు, వాటి సామర్థ్యం, కెమెరాలు చెడిపోయినట్టు జిల్లా పర్యవేక్షణ కమిటీకి పంపిన రిపోర్టుల నకళ్లు అడగండి. మానవ హక్కుల కమిషన్ ముందు అవే పనికొస్తాయి.

ప్రశ్న: నాది ఏపీ నంబరు బైకు. నేను వెళ్లని జంక్షన్లో ఈ-చలానా పడింది. – మారతహళ్లి

ముందు ఫొటో తెరవండి. నంబరు చదివే కెమెరా 8ని ‘బి’గా, సున్నాను ‘డి’గా పొరబడుతుంది, దుమ్ము పట్టిన ప్లేటైతే మరీనూ. బండి రంగు, మోడల్, సైలెన్సర్ పోల్చి చూడండి. నంబరు సరిగ్గా మీదే ఉండి బండి వేరైతే అది నకిలీ ప్లేటు, అప్పుడు పోలీసు ఫిర్యాదు తప్పదు. వేగం చలానా అయితే మోటారు వాహనాల నిబంధన 167ఏ చూపించండి. 2021 ఆగస్టులో వచ్చిన ఈ నిబంధన ప్రకారం ఆ పరికరానికి ఏటా పునరుద్ధరించిన ఆమోద పత్రం ఉండాలి, కెమెరా ఉందని తెలిపే బోర్డు రోడ్డు పక్కన కనబడాలి, చలానాలో కొలిచిన విలువ ఉండాలి. ఆ పత్రం నకలు ఆర్టీఐలో అడగండి. అన్నట్టు, వాట్సాప్‌లో ఏపీకే ఫైలుగా (ఆండ్రాయిడ్ యాప్‌గా) వచ్చే చలానా నూటికి నూరుపాళ్లు మోసం, ముట్టుకోవద్దు.

ప్రశ్న: ఎఫ్ఐఆర్ పీడీఎఫ్ దొరికింది కానీ కన్నడం కాపీ చేసి అనువాదంలో వేస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి. – హెబ్బాళ

‘నుడి’ అనే పాత కన్నడ ఫాంటులో టైపు చేసినట్టున్నారు, అది యూనికోడ్ (ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే అక్షర పద్ధతి) కాదు. పేజీని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో తెరవండి, అక్షరాలను బొమ్మలోంచి చదువుతుంది. పేర్లు, తేదీలు, సెక్షన్ నంబర్లు మాత్రం అసలు కాగితంతో కంటితో సరిచూసుకోండి. కన్నడ లిపి మనదానికి చుట్టమే కాబట్టి కష్టమేం కాదు. పీడీఎఫ్ అసలు దొరకనివాళ్లకు: 2016 నాటి సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలి. లైంగిక నేరాలు, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది, అలాంటప్పుడు వెతకడం మాని నకలు కోసం నేరుగా దరఖాస్తు చేయండి.