చామనచాయ ముఖానికి కెమికల్ పీల్: పెళ్లికి మూడు వారాలే ఉంటే?

బుగ్గల మీద మంగు, మొటిమలు మానాక మిగిలిన నల్ల మచ్చలు ఉన్నాయనీ, మూడు వారాల్లో చెల్లెలి పెళ్లి ఉందనీ రాశారు. పార్లర్‌లో ఒక్క సిట్టింగ్‌తో ముఖం తేటపడుతుందన్నారు, చేయించుకోవచ్చా అని అడిగారు. ఈ పెళ్లికి మాత్రం వద్దండి. మొదటిసారి పీల్ వేయించుకునేవారికి మూడు వారాల గడువు చాలదు.

పీల్ అంటే యాసిడ్‌తో చర్మం పైపొరను కావాలనే, కొలత ప్రకారం దెబ్బతీయడం. ఆ పొర రాలిపోయి కింద నుంచి కొత్తది వస్తుంది. పైపొరలో పేరుకున్న రంగు కొంత దానితోపాటే పోతుంది. తెల్లతోలు వాళ్లకు ఎక్కువ భాగం ఎర్రబడి మానిపోతుంది. మన చర్మంలో రంగు తయారుచేసే కణాలు చురుకైనవి. ఏ కాస్త మంట పుట్టినా అవి మెలనిన్ అనే నల్లరంగుని ఇంకా ఎక్కువ తయారుచేస్తాయి. పోపు నూనె చిట్లిన చోట నెలల తరబడి నల్లమచ్చ ఉండిపోయేది అందుకే. పీల్ కొంచెం మోతాదు మించినా అదే జరుగుతుంది. పైగా ఆ నలుపు మర్నాడే కనిపించదు, తరచు రెండు మూడు వారాలకు తేలుతుంది. అంటే సరిగ్గా మీ ఇంటి పెళ్లి రోజులకి.

అందుకే జాగ్రత్తగల చర్మ వైద్యులు మొదటి రోజే పీల్ వేయరు. రెండు నుంచి నాలుగు వారాలు చర్మాన్ని సిద్ధం చేయిస్తారు. పగలు సన్‌స్క్రీన్ రాయాలి. రాత్రికి 2 నుంచి 4 శాతం హైడ్రోక్వినోన్ గానీ, 0.025 శాతం ట్రెటినాయిన్ గానీ, తక్కువ శాతం గ్లైకోలిక్ యాసిడ్ క్రీము గానీ మీ చర్మాన్ని చూసి రాసిస్తారు. వీటితో రంగు కణాల జోరు తగ్గుతుంది, పైపొర సమంగా పలచబడి యాసిడ్ అంతటా ఒకే తీరున దిగుతుంది. ట్రెటినాయిన్‌ని పీల్‌కి సుమారు వారం ముందు ఆపేయాలి, లేదంటే యాసిడ్ అనుకున్నదానికన్నా లోతుకు పోతుంది. ఆ వారంలో త్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్, స్క్రబ్ ఏవీ వద్దు. మగవాళ్లయితే ఆ రోజు గడ్డం గీసుకుని వెళ్లకూడదు. బ్లేడు పడిన చోట కంటికి ఆనని గాట్లుంటాయి, యాసిడ్ ముందు అక్కడే కాలుస్తుంది.

డాక్టర్‌కి దాచకూడని విషయాలు కొన్ని ఉన్నాయి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నా, ఈమధ్యే ఆపినా చెప్పండి. పెదవుల దగ్గర హెర్పిస్ పొక్కులు వచ్చిపోతుంటే చెప్పండి, పీల్ తర్వాత అవి తిరగబెడతాయి, ముందుగానే మందు వేసుకోవాల్సి రావచ్చు. గర్భం, ఆస్పిరిన్ పడకపోవడం, గాయం మానిన చోట కండ ఉబ్బెత్తుగా పెరిగే కీలాయిడ్ తత్వం కూడా చెప్పాలి. ఆస్పిరిన్ పడనివారికి సాలిసిలిక్ యాసిడ్ పీల్ వేయరు. వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది స్టెరాయిడ్ కలిసిన ఫెయిర్‌నెస్ క్రీములు. మందుల షాపులో అడిగి తెచ్చుకుని ఏళ్ల తరబడి రాసుకునేవాళ్లు మన ఊళ్లలో ఇంటికొకరు కనిపిస్తారు. స్టెరాయిడ్ వల్ల చర్మం పలచబడి, సన్నటి ఎర్ర నరాలు తేలి ఉంటుంది. ఆ చర్మం మీద మామూలు మోతాదు యాసిడ్ కూడా కాలిన గాయం చేయగలదు.

ఏ పీల్ అన్నది సమస్యను బట్టి ఉంటుంది. జిడ్డు ముఖం, మొటిమలు ఉంటే 20 నుంచి 30 శాతం సాలిసిలిక్ నప్పుతుంది, అది నూనెలో కరిగి రంధ్రాల్లోకి దిగుతుంది. మంగుకి ఎక్కువగా గ్లైకోలిక్ వాడతారు, 20 నుంచి 35 శాతంతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మాండెలిక్ యాసిడ్ అణువు పెద్దది, నెమ్మదిగా లోపలికి పోతుంది, కాబట్టి మన రంగు చర్మానికి మొదటి పీల్‌గా నాకు అదే నచ్చుతుంది. ట్రైక్లోరో ఎసిటిక్ యాసిడ్ 10, 15 శాతం వరకు అనుభవజ్ఞుల చేతిలో ఫర్వాలేదు, 35 శాతం ముఖమంతా అంటే ఒప్పుకోకండి. ఫినాల్ పీల్ ఊసే వద్దు, అది గుండె లయను కూడా దెబ్బతీయగలదు.

శాతం ఒక్కటే చూసి మోసపోకండి. రెండు సీసాల మీదా 50 శాతం గ్లైకోలిక్ అనే ఉండొచ్చు. పీహెచ్ అంటే యాసిడ్ ఘాటు కొలత, అంకె తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువ. ఒకదాని పీహెచ్ బాగా తక్కువగా ఉండి, రెండోదాన్ని మూడు దాకా సర్ది ఉంటే రెండింటి దెబ్బా ఒకటి కాదు. ఆల్కహాల్‌లో కలిపిన సాలిసిలిక్ సీసా మూత వదులుగా ఉంటే ఆల్కహాల్ ఆవిరై అడుగున మిగిలింది ఇంకా ఘాటెక్కుతుంది. మూత చుట్టూ తెల్లటి స్ఫటికాలు పేరుకుంటే ఆ సీసాని నమ్మకూడదు.

పీల్ వేసే రోజు పని పావుగంట, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. తల కాస్త ఎత్తుగా పెట్టి పడుకోబెడతారు. ముఖం కడిగి, స్పిరిట్‌తోనో అసిటోన్‌తోనో జిడ్డు తీస్తారు. ఈ పని సరిగా చేయకపోతే యాసిడ్ చోటుకో తీరుగా దిగి ముఖం మచ్చలు మచ్చలుగా తేలుతుంది. కంటి మూలలు, ముక్కు పక్క మడతలు, పెదవుల చివర్లకు వాసెలిన్ రాస్తారు. నుదుటితో మొదలుపెట్టి బుగ్గలు, గడ్డం, చివరికి ముక్కు, ఇలా బ్రష్‌తో త్వరత్వరగా పూస్తారు. యాసిడ్ గిన్నెని ముఖం మీదుగా అందించుకుంటున్నారంటే వాళ్లకు పని రాదని అర్థం.

చురచుర మంట పుడుతుంది, ఎదురుగా ఫ్యాన్ పెడితే తట్టుకోవచ్చు. సాలిసిలిక్‌తో ఒకటి రెండు నిమిషాలు మంట పెరిగి, తర్వాత దానంతటదే తగ్గుతుంది, ముఖం మీద తెల్లటి పొడి తేలుతుంది. అది యాసిడ్ స్ఫటికమే, చర్మం కాలడం కాదు. గ్లైకోలిక్ అలా ఆగదు. గడియారం చూసుకుంటూ, చర్మం ఎరుపు తిరగగానే సోడియం బైకార్బొనేట్ ద్రావణంతోనో ధారాళంగా నీళ్లతోనో ఆపాలి. గ్లైకోలిక్ పూసిన చోట ఎక్కడైనా బూడిదరంగు, తెలుపు కనిపిస్తే టైం ఎంత మిగిలి ఉన్నా ఆ క్షణమే ఆపేయాలి. మొదటిసారి రెండు మూడు నిమిషాలకు మించనివ్వరు. భరించలేని మంట పుడితే ఓర్చుకోకండి, నోరు తెరిచి చెప్పండి.

తర్వాత మొదటి రోజు బిగుతుగా, కొద్దిగా ఎర్రగా ఉంటుంది. రెండో మూడో రోజున నోటి చుట్టూ సన్నటి పొట్టు లేవడం మొదలై, ఐదారు రోజులకు అణిగిపోతుంది. గ్లైకోలిక్, మాండెలిక్‌తో చాలామందికి పొట్టు కనిపించనే కనిపించదు. పీల్ పనిచేయలేదని బెంగపడి గోటితో గీకేవాళ్లున్నారు, అసలు మచ్చలు మిగిలేది అక్కడే. వారం పాటు మెత్తటి ఫేస్‌వాష్, సువాసన లేని మాయిశ్చరైజర్ చాలు. రాత్రి క్రీములు డాక్టర్ మళ్లీ మొదలుపెట్టమన్నాకే. ఆ వారంలో నలుగు, పసుపు, శనగపిండి ముఖానికి తగలనివ్వకండి. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, రెండు వేళ్ల పొడవునా పిండుకుని, బయట తిరిగేరోజుల్లో రెండు మూడు గంటలకోసారి రాయాలి. మంగుకి కంటికి కనిపించే వెలుగు కూడా పడదు, అందుకే ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ మేలు. స్కూటీ మీద తిరిగేటప్పుడు స్కార్ఫ్ కూడా కట్టుకోండి.

నీళ్లూరే పొక్కులు, పసుపుపచ్చ పెచ్చులు, మూడో రోజు తర్వాత పెరుగుతున్న నొప్పి ఉంటే ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. ఇవి పీల్‌లో మామూలే అని ఎవరన్నా వినకండి.

ఫలితం సంగతికొస్తే, రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో నాలుగు నుంచి ఆరు సిట్టింగ్‌లు పడతాయి. పైపొరలోని నల్లమచ్చలు బాగా తగ్గుతాయి. లోతున ఉన్న మంగు అంతగా కదలదు, తగ్గినా ఎండతగిలితే మళ్లీ వస్తుంది. మొటిమల గుంటలు తేలికపాటి పీల్స్‌తో పూడవు, వాటికి వేరే చికిత్సలున్నాయి. ఆన్‌లైన్‌లో దొరికే ఘాటైన యాసిడ్ సీసాలు కొని ఇంట్లో ప్రయత్నించకండి. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా వాటిని వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా 2024లో హెచ్చరించింది.

పెళ్లిదాకా సన్‌స్క్రీన్, మాయిశ్చరైజర్ మాత్రం మానకుండా వాడండి. హడావిడి తగ్గాక చర్మ వైద్యుల దగ్గర మొదలుపెట్టండి, కార్తీకం నుంచి మాఘం దాకా ఎండ తక్కువ కాబట్టి ఆ నెలలు కలిసొస్తాయి. మొదటిసారి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా ముఖానికి రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని వెళ్లండి.