కాలిస్ ఫ్రాక్చర్: రేడియస్ ఎముకే ఎందుకు విరుగుతుంది, చెయ్యి మామూలుగా అవుతుందా?

మీ అమ్మగారు బాత్రూంలో జారి, అరచెయ్యి నేలకు ఆనించి పడ్డారన్నారు. ముంజేతిలో రెండు ఎముకలుంటే రేడియస్ ఒక్కటే ఎందుకు విరిగింది, కట్టు విప్పాక చెయ్యి మామూలుగా అవుతుందా అని అడిగారు. మణికట్టు దగ్గర రేడియస్ ఇలా విరగడాన్నే కాలిస్ ఫ్రాక్చర్ అంటారు. మా అత్తగారికి ఇదే అయితే దగ్గరుండి చూసుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

బొటనవేలి వైపుది రేడియస్, చిటికెనవేలి వైపుది అల్నా. అల్నా మోచేతి దగ్గర లావుగా ఉండి, మణికట్టుకు వచ్చేసరికి సన్నబడుతుంది. రేడియస్ దీనికి పూర్తిగా తిరగబడి, మణికట్టు దగ్గరే వెడల్పుగా ఉంటుంది. మణికట్టులోని చిన్న ఎముకలతో నేరుగా కీలు కలిసేది అదే. అందుకే అరచేతి మీద పడిన బరువులో సుమారు 80 శాతం రేడియస్ మీదికే వెళ్తుంది. మణికట్టుకు అంగుళం ఎగువన దాని పైపొర పలుచన, లోపలంతా గుల్ల ఎముక. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో అది ఇంకా డొల్లబడుతుంది. విరిగిన ముక్క చేతి వెనకవైపుకు జరిగితే, పక్కనుంచి చూసినప్పుడు చెయ్యి బోర్లించిన ఫోర్కులా కనిపిస్తుంది. డబ్లిన్ సర్జన్ అబ్రహాం కాలిస్ 1814లోనే, అంటే ఎక్స్-రే రావడానికి ఎనభై ఏళ్ల ముందే, ఈ విరుపును వివరించారు. చాలామందికి అల్నా కొస కూడా చిన్న పెచ్చు లేస్తుంది, రిపోర్టులో అది కనిపిస్తే టెన్షన్ పడకండి.

పుత్తూరు కట్టు వేయిద్దామని మా ఇంట్లోనూ అన్నారు. పగులు కీలులోకి వెళ్లిందో లేదో ఎక్స్-రేలో తెలియకుండా ఏ కట్టూ వద్దని నేను పట్టుబట్టాను. డాక్టరు మత్తిచ్చి ఎముకను సరిచేసి పిండికట్టు వేశారు. వాపు పెరగకముందే గాజులు, ఉంగరం తీసేయాలి. వారానికి మళ్లీ ఎక్స్-రే తీస్తారు, కట్టులోనే ముక్క జారే అవకాశం ఉంటుంది కాబట్టి అది మానకండి.

కట్టు సాధారణంగా ఆరు వారాలు ఉంటుంది. ఆ ఆరు వారాలూ వేళ్లు, మోచెయ్యి, భుజం రోజూ ఆడించాల్సిందే. నొప్పని కదల్చకపోతే వేళ్లు బిగుసుకుపోతాయి, ఎముక అతికినా చెయ్యి పనికి రాదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కినా, వేళ్లు పాలిపోయినా, నొప్పి గంటగంటకీ పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కట్టు విప్పాక మా అత్తగారు అన్నం కలుపుకోవడం త్వరగానే మొదలుపెట్టారు. తీర్థం పట్టడానికి అరచెయ్యి వెల్లకిలా తిప్పడమే అన్నిటికన్నా ఆలస్యమైంది. అలా తిప్పినప్పుడు అల్నా దాదాపు కదలదు, దాని చుట్టూ తిరగాల్సింది విరిగి అతికిన రేడియసే. ఫిజియోథెరపీతో నెలల మీద అదీ వచ్చింది. పట్టు కొంచెం తగ్గింది గానీ వంటపని అంతా ఆవిడే చేసుకుంటారు. ఎప్పుడైనా బొటనవేలి కొస ఉన్నట్టుండి పైకి లేవకపోతే మాత్రం వెంటనే చూపించండి, నరం కాదు, కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి స్నాయువు తెగి ఉండొచ్చు.

ఇంకొకటి, ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష మీరే అడిగి చేయించండి. ఎముకలు గుల్లబారాయని చాలామందికి మొదట తెలిసేది ఈ ఫ్రాక్చర్‌తోనే. ఇప్పుడు మందులు మొదలుపెడితే రేపు తుంటి విరిగే ప్రమాదం తగ్గుతుంది.