సముద్ర భూతానికి తెలుగు పేరు

సందేహం: పన్నెండు, పదమూడేళ్ళ పిల్లల కోసం ఒక ఊహాకథ రాస్తున్నాను. కథంతా నడిసముద్రంలో, పడవల మీద జరుగుతుంది. ఓడల్ని ముంచే జంతువులు అందులో మూడున్నాయి. ఒకదానికి ‘లోతుభక్షిణి’ అని పేరు పెడితే అది వైరి సమాసమని, తప్పని ఒక పెద్దాయన అన్నారు. రెండోదానికి ‘క్రాకోథర్’ అని పెట్టాను. ఇంగ్లిష్ సినిమాలో పేరులా ఉందని మా అమ్మాయి అంది. మూడోది ‘జలరాక్షసుడు’. అది చదివితే నాకే భయం వెయ్యడం లేదు. గంభీరంగా ఉండాలంటే సంస్కృతమే వాడాలా? అచ్చతెలుగులో కుదరదా? ఇంకొకటి, ఇలాంటి జీవిని ‘వచ్చాడు’ అనాలా, ‘వచ్చింది’ అనాలా?
(కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మీ పేర్లు చదవగానే నాకు తోచిన ప్రశ్న ఒకటే. కథలో ఆ పేర్లు పెట్టింది ఎవరు? వల విసిరే మనిషా, రాజుగారి కొలువులో పండితుడా, దూరదేశపు ఓడవాళ్ళా? రచయిత్రి కూర్చుని పెట్టిన పేరు రచయిత్రి పెట్టినట్టే వినిపిస్తుంది. కథలో మనిషి నోట పుట్టిన పేరుకి ఆ మనిషి భయం కూడా అంటుకుని ఉంటుంది. అది తేల్చుకుంటే సంస్కృతమా, తెలుగా అన్న సంగతి చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

మీ క్రాకోథర్‌కి మూలం నార్వే జాలర్ల కథల్లో ఉన్న సముద్ర భూతం క్రాకెన్ అనుకుంటాను. మన చెవికి ఆ పేరు మంత్రంలా వినిపిస్తుంది. నార్వే వాళ్ళకి మాత్రం ‘క్రాకె’ అంటే గిడసబారి వంకర తిరిగిన చెట్టు. చివర ఉన్న ‘న్’ మనం ‘ఆ’ అన్నట్టు ఫలానాదని చూపించే ప్రత్యయం. ఆ వంకర మాను అన్నమాట. బెర్గెన్ బిషప్ ఎరిక్ పొంటోపిడన్ 1752-53లో వెలువరించిన నార్వే ప్రకృతి చరిత్రలో దీన్ని గురించి జాలర్లు చెప్పిన మాటలు రాశాడు. 80, 100 బారల లోతు ఉండాల్సిన చోట తాడు దించితే 20, 30 బారలకే అడుగు తగిలిందనుకోండి, కింద క్రాకెన్ ఉన్నట్టే. అక్కడ చేపలు బాగా పడతాయి కాబట్టి వేట ఆపరు. లోతు ఇంకా తగ్గుతూ వస్తే మాత్రం అది పైకి లేస్తోందని గుర్తు, పడవ తిప్పుకుని పారిపోవాల్సిందే. అంతటి భూతానికి వాళ్ళ ఊళ్ళో రోజూ వినబడే మాటే పేరయింది.

సంస్కృతంలో ఈ పని చేసినవాళ్ళూ గట్టివాళ్ళే. తిమి అంటే పెద్ద చేప. దాన్ని మింగేది తిమింగిలం, మనం తిమింగలం అంటున్నది దీన్నే. దాన్ని మింగేది తిమింగిలగిలం. దాన్నీ మింగేదానికి రాఘవం అని పేరు పెట్టిన శ్లోకం ఒకటుంది. ‘గిల’ అంటే మింగేది. పైకి చదివి చూడండి, గుటక పడినట్టే ఉంటుంది. అది ఇంకోసారి చేరేసరికి నోరు ఇంకాస్త పెద్దదైపోతుంది. ఎన్ని ఆమడల పొడవో చెప్పే పని లేకుండా పరిమాణం తెలిసిపోతోంది. మీ కథలో పండితుడు ఎవరైనా ఉంటే ఆయన నోట ఇలాంటి పేరు పెట్టించండి.

సుందరకాండలో సింహిక అనే సముద్ర రాక్షసి సంగతి ఇంకా గొప్పది. ఆమె హనుమంతుడి ఒంటి మీద చెయ్యి వెయ్యదు, నీళ్ళ మీద పడిన ఆయన నీడని పట్టుకుంటుంది. ఎదురుగాలికి చిక్కిన పెద్ద ఓడలాగా తన వేగం ఉన్నట్టుండి తగ్గిపోయిందని ఆయనకి అర్థమవుతుంది. అటువంటి ప్రాణికి అక్కడ వాడిన మాట ‘ఛాయాగ్రాహి’. రూపాన్ని వదిలేసి, చేసే పనిని పట్టుకున్న పేరు. మీ జలరాక్షసుడిలో లేనిది ఇదే. ఆ జంతువు నీళ్ళలో ఏం చేస్తుందో పేరు చెప్పడం లేదు. పైగా రాక్షసుడు అనగానే మీసాలు, గద, కిరీటం కళ్ళముందుకొచ్చి కూర్చుంటాయి. ఛాయాగ్రాహిని తెలుగు చేసి ‘నీడపట్టు’ అందామని మీకు అనిపించవచ్చు. వద్దు. నీడపట్టున ఉండటం అంటే మనకి ఎండ తగలకుండా హాయిగా బతకడం. కొత్త పేరు పెట్టేముందు ఆ మాటకి ఇప్పటికే ఏ అర్థం ఉందో చూసుకోవడం తప్పనిసరి.

ఇక లోతుభక్షిణి. తెలుగు మాటకి సంస్కృతం మాట అతికిస్తే వైరి సమాసమని పెద్దాయన చెప్పిన సూత్రం ఉన్నదే. అయితే తెలుగు, సంస్కృతం కలిసిన ప్రతి సమాసాన్నీ తోసెయ్యలేం. డైనోసార్‌కి మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న ‘రాక్షసబల్లి’ చూడండి. రాక్షస సంస్కృతం, బల్లి తెలుగు. పిల్లలు ఇష్టంగా పలుకుతున్నారు, ఎవరికీ పంటికింద రాయిలా తగల్లేదు. ఎందుకంటే రాక్షస అన్న మాట ఎప్పుడో మన ఇంటి మాట అయిపోయింది, చివరి మాట బల్లి ఎలాగూ మనదే. మీ పేరులో వరస తిరగబడింది. ముందు తెలుగు మాట, చివర ‘భక్షిణి’. ఆ భక్షిణి మామూలు మాటల్లో విడిగా ఎక్కడా వినిపించదు, అందుకే అతికించినట్టు ఉంది. అర్థం కూడా కుదరలేదు. లోతుభక్షిణి అంటే లోతుని తినేది అని వస్తుంది, మీరు అనుకున్నది లోతుల్లో ఉండి ఓడల్ని తినేది కదా.

అచ్చతెలుగులో కుదరదా అని అడిగారు. బ్రహ్మాండంగా కుదురుతుంది. మాటలు కట్టే మూసలు మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మూడు కన్నులవాడు ముక్కంటి అయినట్టు, మూడు కోరలున్న జంతువు ‘ముక్కోర’ అవుతుంది. కలువకంటి లాగే ‘సుడికంటి’, చూపు పడిన చోట నీళ్ళు గిర్రున తిరిగేలా చేసేది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మూస మాత్రం ‘మారి’. మాయలమారి, జగడాలమారి అంటాం. చెడ్డ పని అలవాటుగా చేసేవాళ్ళకి తగిలించే మాట అది. ‘సుడులమారి’ అని పైకి అనండి. పుట్టి ఒక్క రోజైనా కాని పేరు, మీ నాయనమ్మ చెప్పిన కథలో విన్నట్టు ఉంటుంది. మీ లోతుభక్షిణి బదులు ఇది పెట్టుకోండి.

భయాన్ని మనవాళ్ళు మాటల్లో ఎలా దాచుకుంటారో అది కూడా మీకు పనికొస్తుంది. రాత్రిపూట పల్లెల్లో పాముని పేరు పెట్టి పిలవరు, పురుగు అంటారు. కరిచినా ‘పురుగు ముట్టింది’ అనే అంటారు. ఆటలమ్మ వస్తే అమ్మవారు పోసింది అంటారు. భయం ఎంత ఎక్కువైతే మాట అంత మెత్తబడుతుంది. కాబట్టి మీ పడవల వాళ్ళు రేవులో ఉన్నప్పుడు సుడులమారి అననివ్వండి. నడిసముద్రంలో, చీకట్లో, అది నిజంగా కింద కదులుతున్నప్పుడు ఆ పేరు ఎవరి నోటా రాకూడదు. ‘పెద్దమ్మ లేచినట్టుంది, వలలు కోసెయ్యండి’ అని ఒక ముసలాయన గొంతు తగ్గించి అంటే చాలు. అమ్మకి అక్క పెద్దమ్మే, లక్ష్మీదేవికి అక్క అయిన జ్యేష్ఠాదేవీ పెద్దమ్మే. పిల్లలకి మొదటి అర్థం తెలుస్తుంది, వాళ్ళ అమ్మమ్మలకి రెండోది కూడా.

క్రాకోథర్‌ని తీసెయ్యక్కర్లేదు. అది దూరదేశపు నావికులు పెట్టిన పేరు అనండి. కాకపోతే మన జాలరి దాన్ని అలాగే పలకడు. ప్రాణం పానమైనట్టు ‘క్రా’ కాస్తా ‘కా’ అవుతుంది. అచ్చతెలుగు మాటల్లో ఖ, థ, భ లాంటి ఒత్తి పలికే అక్షరాలు ఉండవు కాబట్టి ‘థ’ తేలికపడి ‘త’ అవుతుంది. హల్లుతో ఆగిన మాటకి చివర ఒక అచ్చు చేరుతుంది, బస్ బస్సు అయినట్టు. ‘కాకోతరి’ అంటాడు. మీ అమ్మాయికి ఈ పేరు వినిపించి చూడండి. ఎవరి భాషకీ చెందని జీవి అయితే ‘ళ’ తోనో ‘ణ’ తోనో మొదలుపెట్టొచ్చు. తెలుగు మాట ఏదీ వాటితో మొదలవ్వదు, చూడగానే వింతగా అనిపిస్తుంది. పిల్లలు చదివేటప్పుడు ‘ళ’ని ‘ల’ చేసేస్తారు, అందుకని ఒక్క పేరుకి మించి వద్దు.

ఏ పేరైనా ఖాయం చేసేముందు విభక్తులు తగిలించి చదవండి. సుడులమారిని, సుడులమారికి, సుడులమారితో. నోరు తిరిగితే పేరు నిలబడుతుంది.

‘వచ్చాడు’ వద్దు, ‘వచ్చింది’ అనండి. ‘డు’ చేర్చగానే జంతువు మనిషైపోతుంది. ‘వచ్చింది’లో మీకు ఇంకో లాభం ఉంది. తెలుగులో ఏకవచనంలో ఆడమనిషికీ జంతువుకీ క్రియ ఒక్కటే. ‘సుడులమారి వచ్చింది, ఓడ చుట్టూ తిరిగింది, తెడ్డు వేసేవాడి వంక చూసింది’ అని పేజీల కొద్దీ రాసినా అది మృగమో, శాపం తగిలిన ఆడమనిషో చదివేవాళ్ళకి తెలియదు. కథలో అలాంటి మలుపు ఉంటే భాషే దాన్ని దాచిపెడుతుంది. బహువచనం దగ్గర మాత్రం జాగ్రత్త. ‘సుడులమారులు వచ్చాయి’ అన్నా, ‘వచ్చారు’ అన్నా గుట్టు బయటపడిపోతుంది. ఆ మలుపు వచ్చేదాకా దాన్ని ఒంటరిగానే ఉంచండి.